పాత ల్యాప్‌టాప్‌ను బాగు చేయించుకోవాలా, కిస్తీల మీద కొత్తది కొనాలా?

ప్రశ్న: మాది మదనపల్లె. నాలుగేళ్లుగా బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తూ మహదేవపురలో ఉంటున్నాను. ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు, 2017లో, నాన్నగారు కొనిచ్చిన ల్యాప్‌టాప్ ఇంకా నా దగ్గర ఉంది. ఏడో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. ఆన్ చేస్తే పది నిమిషాల దాకా దేనికీ పలకదు. విండోస్ 11 దీనికి పనికిరాదని కూడా చూపిస్తోంది. అందుకని ఏడాదిగా సొంత పనులన్నీ ఆఫీసు ల్యాప్‌టాప్‌లోనే కానిస్తున్నాను. బ్యాంకు, ఆదాయపు పన్ను, ఇంటి ఫొటోలు, చివరికి నాన్నగారి ఎరువుల దుకాణంలో అరువు ఖాతాల కోసం రాస్తున్న చిన్న యాప్ కూడా అందులోనే ఉన్నాయి. మా బావ ₹80,000లో ఏఐ ల్యాప్‌టాప్ ఒకటి చూశాడు, వడ్డీ లేకుండా తొమ్మిది నెలల ఈఎంఐ ఇస్తారంటున్నాడు. చెల్లెలి పెళ్లి మాఘంలో పెట్టుకున్నాం. ఇప్పుడు కొనమంటారా, ఆగమంటారా? ఆఫీసు ల్యాప్‌టాప్‌ను ఇలా వాడుకోవడంలో ఇబ్బందేమైనా ఉందా? ఈ మధ్య ఆఫీసు మెయిల్, చాట్ నా సొంత ఫోన్‌లో పెట్టుకోమంటున్నారు. పెట్టుకుంటే నా ఫోన్‌లో ఉన్నవన్నీ వాళ్లకు కనిపిస్తాయా?
— పేరు రాయవద్దన్న పాఠకుడు, బెంగళూరు

సమాధానం: మీ ఉత్తరంలో కొత్త ల్యాప్‌టాప్ సంగతి ముందుగా ఉంది, ఆఫీసు ల్యాప్‌టాప్ సంగతి మాటవరసకు అడిగినట్టు మధ్యలో ఎక్కడో ఉంది. నేను ఆ మధ్య ప్రశ్నతోనే మొదలుపెడతాను. పాత యంత్రం నెమ్మదిస్తే మీకు పోయేది కాస్త సమయం, కాస్త ఓపిక. ఆఫీసు యంత్రంలో సొంత సంసారం పెట్టుకుంటే పోగొట్టుకోవడానికి అంతకంటే విలువైనవి చాలా ఉన్నాయి. నా సలహా ముందే చెప్పేస్తాను: మీ సొంత పనులకు మీదంటూ ఒక యంత్రం తప్పక ఉండాలి, అది కొత్తదే కానక్కరలేదు, మీరు వర్ణించిన పాతదాన్ని బాగు చేయించుకుంటే ఇంకొన్నేళ్లు నిక్షేపంగా సరిపోతుంది.

ఎరువు సొమ్ము బరువు చేటు అంటారు. కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్ మీ సంచిలో ఉన్నా దాని మీద పెత్తనం ఐటీ విభాగానిది. అందులో ఏ ప్రోగ్రాములు ఉన్నాయి, ఏ వెబ్‌సైట్లు తెరిచారు, పెన్‌డ్రైవ్‌లోకి ఏ ఫైళ్లు వెళ్లాయి అన్నవి చాలా కంపెనీలలో ఎప్పటికప్పుడు నమోదవుతూ ఉంటాయి. బ్యాంకు పేజీకి తాళం గుర్తు ఉంది కదా, అది ఎవరికీ కనపడదు అని చాలామంది ధీమాగా ఉంటారు. కంపెనీ తన సొంత రూట్ సర్టిఫికెట్‌ను, అంటే ఏ వెబ్‌సైటును నమ్మాలో యంత్రానికి చెప్పే డిజిటల్ పత్రాన్ని, ఆ యంత్రంలో ముందే పెట్టి ఉంటే, మీకూ ఆ వెబ్‌సైటుకూ మధ్య గుప్తంగా నడిచే సమాచారాన్ని దారిలో విప్పి తనిఖీ చేసి, మళ్లీ మూసి పంపడం సాధ్యమే, తాళం గుర్తు అప్పుడు కూడా ఎప్పటిలాగే కనిపిస్తుంది. మీ యంత్రంలో అలా జరుగుతోందా అన్నది మీరే చూసుకోవచ్చు. ఏదైనా ఒక సాధారణ వెబ్‌సైటు తెరిచి, చిరునామా పక్కనున్న గుర్తు నొక్కి, సర్టిఫికెట్ వివరాలలో దాన్ని ఎవరు జారీ చేశారో చదవండి. అక్కడ మీ కంపెనీ పేరో, కంపెనీలకు భద్రతా సేవలు అమ్మే సంస్థ పేరో ఉంటే తనిఖీ జరుగుతున్నట్టే. బ్యాంకుల సైట్లను, ఆసుపత్రుల సైట్లను ఈ తనిఖీ నుంచి మినహాయించే కంపెనీలు ఉన్నాయి, అయితే మినహాయించాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం మీద ఆధారపడిన విషయం. దీనిలో దురుద్దేశం వెతకనక్కరలేదు. ఖాతాదారుల సమాచారం బయటికి పొక్కితే జవాబు చెప్పుకోవలసింది కంపెనీయే కాబట్టి తన యంత్రాల మీద తాను కన్ను వేసి ఉంచుతుంది. ఆ కంటి కిందికి మీ నాన్నగారి పాస్‌బుక్కును తీసుకెళ్లి పెట్టింది మీరే.

అంతకంటే పెద్ద చిక్కు ఉద్యోగం వదిలే రోజున ఎదురవుతుంది. మీ అంతట మీరు మానేస్తే నోటీసు కాలం ఉంటుంది, సర్దుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. కంపెనీయే మనుషులను తగ్గించుకుంటే సంగతి అలా ఉండదు. పిలిచి మాట్లాడుతుండగానే ఖాతాలు మూసేయడం ఇప్పుడు ఈ పరిశ్రమలో మామూలైపోయింది. ఆ తరువాత మీ పిల్లప్పటి ఫొటో ఒక్కటి కావాలన్నా ఐటీ విభాగాన్ని బతిమాలుకోవాలి, వాళ్లు వెతికి ఇచ్చే బాధ్యత ఏ నియమంలోనూ ఉండదు. సొంత గూగుల్ ఖాతాతో ఆ బ్రౌజరులోకి వెళ్లి పాస్‌వర్డులు దాచుకునే అలవాటు మీకు ఉంటే, యంత్రం తిరిగి ఇచ్చేసిన తరువాత కూడా ఆ లాగిన్ తెరిచే ఉండిపోవచ్చు.

ఇక మీ యాప్ సంగతి. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందమేదీ లేనప్పుడు, ఉద్యోగంలో భాగంగా చేసిన రచనకు మొదటి హక్కుదారు యజమాని. కంప్యూటర్ ప్రోగ్రామును కూడా ఆ చట్టం సాహిత్య రచన కిందే లెక్కగడుతుంది. ఎరువుల దుకాణం ఖాతాల యాప్ రాయడం మీ ఉద్యోగంలో భాగం కాదు కాబట్టి ఆ సెక్షన్ మీకు వర్తించదని వాదించవచ్చు. కానీ చాలా ఉద్యోగ ఒప్పందాలు చట్టం కంటే ముందుకు వెళ్లి, కంపెనీ సామగ్రితో గాని పని వేళల్లో గాని తయారుచేసినదేదైనా కంపెనీదే అని రాసుకుంటాయి. మీరు చేరినప్పుడు సంతకం పెట్టిన కాగితాలు తీసి ఆ భాగం ఒకసారి చదవండి. ఈరోజు అది నాన్నగారి దుకాణంలో పది మంది రైతుల అరువు రాసుకునే యాప్ కాబట్టి ఎవరూ పట్టించుకోరు. రేపు మదనపల్లెలో మరో నాలుగు దుకాణాల వారు డబ్బు ఇచ్చి తీసుకుంటామంటే, అది ఎవరి ల్యాప్‌టాప్‌లో పుట్టిందన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. అందుకని ఆ పని ఆఫీసు యంత్రంలో ఇవాళే ఆపండి. ఉన్న కోడ్‌ను బయటికి లాగి తెచ్చుకోవడం కంటే, యాప్ చిన్నదే కాబట్టి, ఎలా కట్టాలో మీకు తెలిసిపోయింది కాబట్టి, సొంత యంత్రంలో మొదటి నుంచి మళ్లీ రాసుకోవడం అన్ని విధాలా శుభ్రమైన దారి. రెండోసారి రాసినది మొదటిదానికంటే బాగుంటుందన్నది మీ వృత్తిలో ఉన్నవారందరికీ తెలిసినదే.

మిగతా కాగితాలను ఎలా తెచ్చుకోవాలన్న విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. ఒక రాత్రి కూర్చుని అన్నిటినీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించకండి. కంపెనీ సమాచారం దొంగతనంగా పోకుండా కాపలా కాసే సాఫ్ట్‌వేర్‌కు మీ చెల్లెలి నిశ్చితార్థం ఫొటోలకూ కంపెనీ పత్రాలకూ తేడా తెలియదు, అది వందల ఫైళ్లు ఒక్కసారిగా కదలడం మాత్రమే చూస్తుంది. వీలైనంత వరకు ప్రతి కాగితాన్నీ అది పుట్టిన చోటి నుంచే మళ్లీ తెచ్చుకోండి. ఆధార్, మార్కుల జాబితాల వంటివి డిజిలాకర్ నుంచి, ఖాతా వివరాలు బ్యాంకు నుంచి, పన్ను పత్రాలు ఆదాయపు పన్ను శాఖ పోర్టల్ నుంచి సొంత యంత్రంలో దింపుకోవచ్చు, ఫొటోలు చాలావరకు ఫోన్‌లోనే ఉండి ఉంటాయి. అక్కడ తప్ప మరెక్కడా లేనివి కొన్ని మిగిలితే, ఇవి నా సొంత ఫైళ్లు, తీసుకోవడానికి అనుమతించండి అని ఐటీ విభాగానికి మెయిల్ రాసి, జవాబు వచ్చాక తీసుకోండి. తరువాత ఆ యంత్రంలోంచి వాటిని చెరిపేసి, మీ గూగుల్ ఖాతా భద్రతా పేజీలో ఏయే పరికరాలలో లాగిన్ అయి ఉన్నారో చూసి, ఆఫీసు ల్యాప్‌టాప్‌ను ఆ జాబితా నుంచి తొలగించండి.

ఇవన్నీ చేయాలంటే ముందు మీ సొంత యంత్రం నడవాలి కదా, అక్కడికి వద్దాం. పాతబడిన ప్రాసెసరే అసలు జబ్బు అని మీ బావగారు అనుకుంటున్నట్టున్నారు. నాకు అలా అనిపించడం లేదు. ల్యాప్‌టాప్ ఆన్ చేసిన వెంటనే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కండి, టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పర్ఫార్మెన్స్ అన్న చోటికి వెళ్లి, తొలి ఐదు నిమిషాలు ఏమీ ముట్టుకోకుండా చూస్తూ కూర్చోండి. సీపీయూ అంకె 15, 20 శాతం దగ్గర ఊగిసలాడుతూ, డిస్క్ అంకె మాత్రం 100 దగ్గర అతుక్కుపోయి ఉంటే ప్రాసెసర్ ఖాళీగా కూర్చుని డిస్క్ కోసం ఎదురుచూస్తోందని అర్థం. 2017 నాటి ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ అంటే సాధారణంగా నిమిషానికి 5,400 చుట్లు తిరిగే పలక, దాని మీద అటూ ఇటూ కదులుతూ ఒక్కొక్క ముక్కనూ వెతికి తెచ్చే సన్నని చేయి. ఒక్క చుట్టుకే సుమారు 11 మిల్లీసెకన్లు పడుతుంది. విండోస్ లేచేటప్పుడు ఎక్కడెక్కడో చెదిరి ఉన్న వేల చిన్న ఫైళ్లను అడుగుతుంది కాబట్టి ఆ మిల్లీసెకన్లన్నీ పోగుపడి మీ పది నిమిషాలవుతాయి. హార్డ్ డిస్క్‌కు బదులుగా వేసుకునే ఎస్ఎస్‌డీలో తిరిగే భాగమే ఉండదు, ఏ ముక్కనైనా అందుకోవడానికి దానికి మిల్లీసెకనులో పదో వంతుకు అటూ ఇటూగా పడుతుంది. ఈ ఒక్క మార్పుతో పాత ల్యాప్‌టాప్ అర నిమిషంలో లేచి కూర్చోవడం చూసినవారెవరూ ప్రాసెసర్‌ను తప్పుపట్టరు.

అదే టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిస్తే కింద స్లాట్స్ యూజ్డ్ అన్న వరుస కనిపిస్తుంది. రెంటిలో ఒకటే నిండి ఉందని చూపిస్తే మరో 8 జీబీ ముక్క వేసి 16 చేసుకోవచ్చు. అయితే దీనికి తొందర లేదు. ఏఐ డేటా కేంద్రాలు మెమరీ చిప్పులను టోకున ఎత్తుకుపోతుండటంతో 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు అమాంతం పెరిగాయి. క్రూషియల్ పేరుతో ఇంటి వాడుకకు ర్యామ్, ఎస్ఎస్‌డీ అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు మైక్రాన్ సంస్థ 2025 డిసెంబరులో ప్రకటించింది కూడా. కాబట్టి నిరుడు ఫలానా ధరకు కొన్నామని స్నేహితులు చెప్పిన అంకె పట్టుకుని దుకాణదారుతో తగువు పడకండి, అతను మోసం చేస్తున్నాడని అనుకోనక్కరలేదు. ముందు ఎస్ఎస్‌డీ వేయించి నెల రోజులు వాడి చూసి, యాప్ పని చేస్తున్నప్పుడు 8 జీబీ నిజంగా చాలకపోతేనే ర్యామ్ గురించి ఆలోచించండి.

ఆన్‌లైన్‌లో కొనవచ్చు గాని, మీరు ఉంటున్నది మహదేవపుర, ఈ పనికి కంప్యూటర్ సామగ్రి దుకాణాలు బారులు తీరిన ఎస్పీ రోడ్డును మించినది లేదు. వైట్‌ఫీల్డ్ వైపు నుంచి వచ్చే పర్పుల్ లైన్ మెట్రో ఎక్కి మెజెస్టిక్‌లో గ్రీన్ లైనుకు మారి, చిక్కపేటలో గాని కేఆర్ మార్కెట్‌లో గాని దిగితే నడిచి వెళ్లవచ్చు. ఆదివారం వెళ్లకండి, చాలా దుకాణాలు మూసి ఉంటాయి. తెలుగులో మాట్లాడితే తెలుగులోనే జవాబు చెప్పేవారు అక్కడ కొదవలేదు. వెళ్లే ముందు హార్డ్ డిస్క్‌లో ఉన్న ముఖ్యమైనవన్నీ మరొక చోటికి ఎక్కించుకోండి, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాముతో డిస్క్ ఆరోగ్యం ఒకసారి చూడండి. అది కాషన్ అని పసుపు రంగులో హెచ్చరిస్తే ఆ పని వాయిదా వేయకుండా అదే రోజు చేయాలి. దుకాణంలో ల్యాప్‌టాప్ వదిలేసి సాయంత్రం వస్తామనకండి, మీ ఎదుటే విప్పించండి. గంటలో అయిపోయే పని అది. పాస్‌వర్డు చెప్పవలసిన అవసరం లేదు, విండోస్ ఎక్కించడం మీరే ఇంటికి వచ్చి చేసుకోగలరు. ఎస్ఎస్‌డీ డబ్బా మీద సీరియల్ నంబరు, బిల్లు మీద సీరియల్ నంబరు ఒకటేనని సరిచూసుకుని, జీఎస్టీ బిల్లు తప్పక తీసుకోండి. వారంటీ కాలంలో తయారీదారు అడిగేది ఆ బిల్లునే. బయటికి తీసిన పాత హార్డ్ డిస్క్‌ను అక్కడ వదిలి రాకండి, ఎనిమిదేళ్ల మీ జీవితం అందులో ఉంది. యూఎస్‌బీ డబ్బాలో బిగించుకుంటే అదనపు నకలు దాచుకోవడానికి పనికొస్తుంది, ఏకైక నకలుకు మాత్రం దాన్ని నమ్మకండి.

విప్పినప్పుడే బ్యాటరీ కూడా చూపించండి. టచ్‌ప్యాడ్ ఒక పక్క పైకి లేచినా, కీబోర్డు మధ్యలో ఉబ్బినట్టున్నా, మూత పూర్తిగా మూసుకోకపోయినా లోపల బ్యాటరీ ఉబ్బిందని అర్థం. అప్పుడు చార్జింగ్ పెట్టడం ఆపేసి వెంటనే మార్పించాలి, అదిమి సరిచేయడానికి గాని గుచ్చడానికి గాని చూడకూడదు. ఉబ్బకుండా కేవలం అరగంటలో అయిపోతున్నదైతే మార్చుకోవడం మీ ఇష్టం.

విండోస్ 11 విషయంలో మీ యంత్రం చెప్పింది నిజమే. అందరూ భద్రత కోసం ఉండే టీపీఎం చిప్ లేకపోవడమే కారణమంటారు గాని, ఇంటెల్ ప్రాసెసర్లలో కొద్ది మినహాయింపులతో ఎనిమిదో తరం నుంచే మైక్రోసాఫ్ట్ అంగీకరిస్తుంది, మీది ఒక్క మెట్టు కింద ఆగిపోయింది. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ముగిసినంత మాత్రాన యంత్రం ఆగిపోదు, కొత్తగా బయటపడే భద్రతా లోపాలకు మరమ్మతులు రావడం ఆగుతుంది. ఇంటి వాడుకదారుల కోసం ఆ మరమ్మతులను 2026 అక్టోబరు 13 వరకు పొడిగించే పథకం ఒకటి ఉంది, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగులను దానికి బ్యాకప్ చేయడానికి ఒప్పుకుంటే రుసుము కూడా లేదు. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే చేరే లింకు ఉంటుంది. అడ్డదారిలో విండోస్ 11 ఎక్కించే చిట్కాలు మీకు స్నేహితులు చెబుతారు. అలా ఎక్కించిన యంత్రానికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు కాబట్టి బ్యాంకు పనులు చేసుకునే యంత్రానికి నేను ఆ సలహా ఇవ్వను.

నన్నడిగితే ఆ గడువు దాకా కూడా ఆగకుండా, కొత్త ఎస్ఎస్‌డీ మీద విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్‌ను నేరుగా వేసుకోండి. మింట్ 22కి భద్రతా అప్‌డేట్లు 2029 దాకా వస్తాయి, 8 జీబీలో హాయిగా నడుస్తుంది, తెలుగు కీబోర్డు అందులోనే ఉంది, ప్రోగ్రాములు రాసేవారికి విండోస్ కంటే అనువైనది. బ్యాంకు, పన్ను పనులు ఎలాగూ బ్రౌజరులోనే. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ మాత్రం కంప్యూటర్లో వేసుకునే రూపంలో దొరకదు, లిబ్రాఆఫీస్‌తో సరిపెట్టుకోవాలి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మీకు ఇది కష్టమైన పని కాదు. ఇదే ఉత్తరం మీ నాన్నగారు రాసి ఉంటే నేను ఈ పేరా రాసేవాణ్ణి కాదు.

ఇప్పుడు బావగారి ఈఎంఐ. వడ్డీ లేని ఈఎంఐలో వడ్డీ ఉంటుంది. వడ్డీ శాతం సున్నా అన్న మాటే అర్థం లేనిదని రిజర్వ్ బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. ఇప్పుడు జరుగుతున్నది ఏమిటంటే, బ్యాంకు మామూలుగా వడ్డీ వేస్తుంది, అమ్మేవారు అంత మొత్తాన్ని ముందే ధరలో తగ్గించి చూపిస్తారు. ఉదాహరణకు ఏడాదికి 16 శాతం వడ్డీ అనుకుందాం. ₹80,000 ను తొమ్మిది కిస్తీలు చేస్తే నెలకు ₹8,889. బ్యాంకు పుస్తకంలో అప్పు సుమారు ₹74,920, వడ్డీ సుమారు ₹5,080. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే ఇంచుమించు ₹915, మీ నెత్తినే పడుతుంది, దానికి ప్రాసెసింగ్ రుసుము, రుసుము మీద జీఎస్టీ తోడవుతాయి. ఇది పెద్ద నష్టమేమీ కాదు, కానీ ఒక్కసారిగా డబ్బు కట్టేవారికి అదే దుకాణం ఎంత తగ్గిస్తుందో అడిగి చూస్తే అసలు తేడా అక్కడ బయటపడుతుంది. పైగా పెళ్లి ఖర్చులు ముంచుకొచ్చే నెలల్లో ₹8,889 కదలకుండా పోతుంటుంది, ఒక కిస్తీ తప్పితే జరిమానాతో పాటు మీ సిబిల్ స్కోరు మీద మచ్చ పడుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ తగ్గింది కాబట్టి ఇప్పుడు కొంటే లాభమని ఎవరైనా అంటే నమ్మకండి. ఏసీలకూ పెద్ద టీవీలకూ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, ల్యాప్‌టాప్‌లకు ముందూ 18 శాతమే, ఇప్పుడూ 18 శాతమే.

ఏఐ ల్యాప్‌టాప్ అన్న పేరుకు కూడా తలొగ్గనక్కరలేదు. మైక్రోసాఫ్ట్ 2024 మేలో ప్రకటించిన కోపైలట్ ప్లస్ పీసీ అనే తరగతికి కనీసం 16 జీబీ ర్యామ్, సెకనుకు 40 లక్షల కోట్ల లెక్కలు చేయగల ప్రత్యేక చిప్ ఉండాలని నియమం. అది కొన్ని పనులను యంత్రంలోనే చేస్తుంది. మీరూ మీ స్నేహితులూ రోజూ ప్రశ్నలు అడిగే చాట్‌బాట్లు మాత్రం ఎక్కడో డేటా కేంద్రంలో నడుస్తూ బ్రౌజరు ద్వారా జవాబు పంపుతాయి, మీ 2017 ల్యాప్‌టాప్‌లో వచ్చే జవాబూ ₹80,000 ల్యాప్‌టాప్‌లో వచ్చే జవాబూ ఒకటే. మదర్‌బోర్డు పోయినా, మరమ్మతు ఖర్చు కొత్తదాని ధరలో మూడో వంతు దాటేలా ఉన్నా అప్పుడు కొత్తది కొనడం న్యాయం. పెళ్లి అయ్యాక నెలకు ₹6,000 చొప్పున రికరింగ్ డిపాజిట్‌లో వేసుకుంటే పదమూడు నెలలకు ఆ ₹80,000 మీ చేతిలో ఉంటుంది. అప్పుడు కూడా ప్రాసెసర్ పేరు కంటే, ర్యామ్ తరువాత పెంచుకునే వీలుందా, అతికించేశారా అన్నది ముందు అడగండి. ఎనిమిదేళ్ల తరువాత కూడా మీ పాతదాన్ని బాగు చేయించుకోగలుగుతున్నారంటే, దాని లోపలి భాగాలు విడివిడిగా మార్చుకునే వీలు ఉండటం వల్లనే.

చివరిగా ఫోన్. ఆఫీసు మెయిల్ పెట్టుకున్నంత మాత్రాన అన్నీ కనిపిస్తాయని భయపడనక్కరలేదు, ఏ పద్ధతిలో పెడుతున్నారన్న దాని మీద ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో 2014లో వచ్చిన 5.0 నుంచి వర్క్ ప్రొఫైల్ అనే ఏర్పాటు ఉంది. ఆఫీసు యాప్‌ల మీద చిన్న బ్రీఫ్‌కేసు గుర్తు కనిపిస్తుంది, అవి ఫోన్‌లోనే వేరే గదిలో ఉన్నట్టు ఉంటాయి. మీ ఫొటోలు, సందేశాలు, సొంత యాప్‌లు ఐటీ విభాగానికి కనపడవు. ఉద్యోగం మానేసినప్పుడు వాళ్లు చెరపగలిగేది ఆ గదిని మాత్రమే. సాయంత్రం ఇంటికి వచ్చాక ఒక్క మీటతో ఆ ప్రొఫైల్‌ను నిద్రపుచ్చవచ్చు కూడా, దాన్ని మొహమాటం లేకుండా వాడుకోండి. దీనికి భిన్నమైనది పాత పద్ధతి. మెయిల్ ఖాతా కలుపుతున్నప్పుడు, ఈ యాప్‌ను డివైస్ అడ్మిన్‌గా అనుమతించండి అంటూ ఒక తెర వస్తుంది, అందులోని అధికారాల జాబితాలో ఎరేజ్ ఆల్ డేటా అని ఉంటుంది. దానికి ఒప్పుకుంటే ఫోన్ మొత్తాన్ని దూరం నుంచి తుడిచేసే హక్కు మీరే ఇచ్చినట్టు. ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో వీపీఎన్ అండ్ డివైస్ మేనేజ్‌మెంట్ పేజీ తెరిస్తే కంపెనీకి ఏ హక్కులు ఉన్నాయో కనిపిస్తుంది.

ఈ విషయంలో చట్టం మీద భారం వేసి ఊరుకోకండి. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చినా దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, అందులో ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి మరో పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. ప్రస్తుతానికి మిమ్మల్ని కాపాడేది మీరు నొక్కే మీట, నొక్కని మీట. మీరు ఐటీ విభాగానికి ఒక మెయిల్ రాసి, నా ఫోన్‌లో పెట్టేది వర్క్ ప్రొఫైలా, మొత్తం ఫోన్ నిర్వహణా, ఏ సందర్భంలో ఏది చెరుపుతారు అని అడగండి. వర్క్ ప్రొఫైల్ అని జవాబు వస్తే పెట్టుకోండి. మొత్తం ఫోన్ నిర్వహణే తప్పదంటే, ఆ పనికి కంపెనీ ఫోన్ ఇమ్మని మేనేజరును అడగండి, అలా అడిగే ఉద్యోగి మీరొక్కరే అయి ఉండరు. జవాబు రాకముందే ఎవరైనా తొందరపెడితే, అనుమతి అడిగే ఆ తెరను ఒప్పుకోకుండా దాని స్క్రీన్‌షాట్ తీసి అదే మెయిల్‌కు జతచేసి పంపండి.